పెద్దల పేరు పసిబిడ్డకి పెట్టాలంటే

అమ్మ పోయిన ఏడో నెలలో మా మేనల్లుడికి, అంటే అన్నయ్య కొడుక్కి, ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి ఫోన్ రాగానే అన్నయ్య అన్న మొదటి మాట, "అమ్మ పేరు పెట్టుకుందాం." ఎవరూ కాదనలేదు. ఆ సాయంత్రం విశాఖపట్నం మర్రిపాలెంలో అన్నయ్య ఇంట్లో అందరం కూర్చున్నాక తెలిసింది, అమ్మ పేరేమిటో మాకే సరిగ్గా తెలియదని. రేషన్ కార్డులో సింహాచలం. బ్యాంకు పుస్తకంలో సింహాచలమ్మ. ఆధార్ కార్డులో ఎవరో ఇంగ్లీషు అక్షరాలు తప్పు కొట్టడంతో అది ఇంకేదో అయింది. అనకాపల్లి నుంచి వచ్చిన మేనమామ ఇవన్నీ విని, "మా అప్ప పేరు సిమ్మాలు. మా అమ్మ అలాగే పిలిచేది" అన్నాడు.

డెబ్బై ఆరేళ్ళు బతికిన మనిషి. మాకు అమ్మ, వదినకి అత్తయ్య, పిల్లలకి మామ్మ, వీధిలోవాళ్ళకి అనకాపల్లి అమ్మగారు. నాన్నగారు "ఇదిగో", "ఏమే" అనడమే గాని పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. పుట్టింటివాళ్ళు వచ్చిన నాలుగు రోజులు తప్ప ఆమె పేరు మా ఇంట్లో ఎవరి నోటా పలకలేదు. ఎవరి పేరు నిలబెట్టాలనుకుంటున్నామో ఆ పేరే మాకు కొత్తగా ఉంది.

అప్పటినుంచి ఇరవై ఒకటో రోజు బారసాల దాకా మా ఇంట్లో చాలా మాటలయ్యాయి. రెండు అలకలు కూడా అయ్యాయి. అవన్నీ చూశాక నాకు అర్థమైంది ఇది. "పెద్దల పేరు పెడదామా" అన్నది పైకి ఒకే ప్రశ్న. విప్పి చూస్తే లోపల నాలుగైదున్నాయి. ఏ వైపు పెద్దల పేరు? బతికున్నవాళ్ళదా, పోయినవాళ్ళదా? పేరు మొత్తం పెట్టాలా, ముక్క చాలా? ఆ పేరుతో బిడ్డని ఇంట్లో పిలవగలిగేది ఎవరు? సర్టిఫికెట్‌లో ఏది ఎక్కాలి? ఇన్ని పనులూ ఒక్క పేరు చేతే చేయించాలని చూస్తున్నాం కాబట్టే ఇంత చిక్కు. మన పాతవాళ్ళు అలా చూడలేదు. ఒక్కో పనికి ఒక్కో పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి గుర్తు చేసుకుంటే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

తాత పేరు మనవడికి పెట్టడం ఇవాళ్టి ఆచారం కాదు. క్రీస్తుకు పూర్వం 2వ శతాబ్దం నాటి పతంజలి తన మహాభాష్యం మొదట్లోనే యాజ్ఞికుల మాట ఒకటి ఉదహరించాడు. కొడుకు పుట్టి పది రోజులు దాటాక పేరు పెట్టాలని, ఆ పేరు 'త్రిపురుషానూకం' కావాలని. అంటే పై మూడు తరాల మగవాళ్ళని అనుసరించి ఉండాలని. తమిళులు మనవణ్ణి పేరన్ అంటారు, పేరు మోసేవాడు అని. మన రాజుల వంశావళులు చదివేటప్పుడు ఎవరు ఎవరో తెలియక తికమకపడేది కూడా ఇందువల్లే. వేంగి చాళుక్యుల్లో విష్ణువర్ధనుడు, విజయాదిత్యుడు అనే పేర్లు తరాల తరబడి తిరిగి తిరిగి వస్తాయి. కాకతీయుల్లో బేతరాజు కొడుకు ప్రోలరాజు, ఆయన కొడుకు బేతరాజు, ఆయన కొడుకు మళ్ళీ ప్రోలరాజు.

ఇదంతా తండ్రి వైపు లెక్క. మా ఇంట్లో మొదటి అలక ఇక్కడే వచ్చింది. మేనల్లుడి అత్తగారు, అంటే పాప అమ్మమ్మ, పురుడు పోసింది తాను కదా, తన తల్లి పేరు ఎవరూ తలవనైనా తలవలేదేమని నొచ్చుకుంది. ఆమె నొచ్చుకోవడంలో తప్పు లేదు. పెద్దవాడికి నాన్న వైపు తాత పేరు, రెండోవాడికి అమ్మ వైపు తాత పేరు, ఆడపిల్లలకీ అదే వరస అని మన ఇళ్ళలో ఒక పద్ధతి నడిచింది. అయిదారుగురు పిల్లలున్న రోజుల్లో అందరి వంతూ వచ్చేది. ఇప్పుడు ఒక్కరు, మహా అయితే ఇద్దరు. మొదటి వంతు ఒకరికి ఇచ్చేస్తే రెండో వంతు ఎప్పటికీ రాకపోవచ్చు. అలాంటప్పుడు పాత వరసనే పట్టుకు కూర్చుంటే అమ్మ వైపు పెద్దలు పూర్తిగా మరుగున పడిపోతారు.

అమ్మ వైపు పేరు పెట్టడం ఈమధ్య వచ్చిన పోకడ అనుకునేవాళ్ళకి నేను రాజరాజనరేంద్రుణ్ణి చూపిస్తాను. నన్నయ చేత భారతం తెలుగు చేయించిన ఆ రాజు చాళుక్యుడు, తండ్రి విమలాదిత్యుడు. తల్లి కుందవ, చోళ చక్రవర్తి మొదటి రాజరాజు కూతురు. మన రాజమహేంద్రవరం రాజుకి ఉన్నది అమ్మ నాన్నగారి పేరన్నమాట. ఆ కుందవకి కూడా ఆమె మేనత్త పేరే పెట్టారు. రాజరాజనరేంద్రుడు రాజేంద్రచోళుడి కూతురు అమ్మంగదేవిని చేసుకున్నాడు. కొడుక్కి పెట్టిన పేరు రాజేంద్రుడు, మళ్ళీ తల్లిగారి తండ్రి పేరే. ఆ కొడుకే 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. సింహాచలం కొండ మీది శాసనాల్లో బాగా పాతది, 11వ శతాబ్దం చివరిది, ఆయన కాలంలోదే. విశాఖపట్నాన్ని కొంతకాలం కులోత్తుంగచోళపట్టణం అన్నదీ ఆయన పేరు మీదే. వరసగా రెండు తరాలు అమ్మ వైపు తాత పేరు పెట్టుకున్నా ఆ వంశానికి వచ్చిన లోటేమీ లేదు.

ఇంకా దగ్గరిది కావాలంటే పాండ్రంగి. మన పద్మనాభం మండలంలోనే. 1897 జులై 4న అక్కడ మాతామహుల ఇంట్లో పుట్టిన బిడ్డ అల్లూరి సీతారామరాజు. ఆయన అసలు పేరు శ్రీరామరాజు. అది అమ్మ వైపు తాతగారి పేరు. ఇంట్లో మాత్రం చిట్టిబాబు అని పిలిచేవారు.

ఈ చిట్టిబాబు దగ్గర కాసేపు ఆగాలి. పేరు ఒకటి, పిలుపు ఇంకొకటి ఎందుకయింది? ముద్దుకి అంటారు. ముద్దు ఉంది, ఇంకో కారణం కూడా ఉంది. దాన్ని మా ఇంట్లోనే చూశాను.

మా అన్నయ్యకి నాన్నగారి తండ్రి పేరు పెట్టారు. ఆ పేరు నేనిక్కడ రాయను, ఎందుకో మీకే తెలుస్తుంది. మామగారి పేరు కోడలు పలకకూడదు. కాబట్టి అమ్మ తన పెద్దకొడుకుని వాడు పుట్టిన రోజు నుంచి తాను పోయే దాకా "పెద్దబాబూ" అనే పిలిచింది. సొంత తండ్రి పేరు పెట్టి ఒరేయ్ అనడానికి నాన్నగారికీ నోరు రాలేదు. ఆయనా "పెద్దాడా" అనేవారు. తిట్టాల్సి వస్తే మరీ కష్టం. నన్ను పేరు పెట్టి తిట్టేవారు, అన్నయ్యని మాత్రం "ఒరేయ్, నిన్నే" అనేవారు. అన్నయ్య పదో తరగతి పాసైన ఏడాది సర్టిఫికెట్ తేవడానికి అమ్మ నన్ను వెంటబెట్టుకుని స్కూలుకి వెళ్ళింది. గుమస్తా రిజిస్టరు తెరిచి "కుర్రాడి పేరేంటమ్మా" అని అడిగాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వంక చూసింది. ఆయన మళ్ళీ అడిగాడు. అమ్మ చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అన్నయ్య పేరు నేనే చెప్పాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

తాతగారి పేరు నిలవాలని పెట్టిన పేరు అది. ఆ పేరు స్కూలు రిజిస్టరులో నిలిచింది, మాస్టార్ల నోట్లో నిలిచింది. ఇంట్లో మాత్రం ఏ రోజూ వినపడలేదు. దీన్ని నేను తప్పుగా చూపించడం లేదు. అమ్మకి ఆ మౌనమే మర్యాద. కానీ పేరు పెట్టేముందు ఇంట్లో ఆ బిడ్డని పొద్దస్తమానం పిలిచేది ఎవరో, ఆ పేరు వాళ్ళ నోటికి వస్తుందో రాదో ఆలోచించాలి. ఈ కాలం కోడళ్ళు చాలామంది మామగారి పేరు చెప్పడానికి అంత వెనకాడరు. అయినా ఆయన పేరుతో కొడుకుని "ఇటు రారా" అని కేకెయ్యాలంటే ఇప్పటికీ చాలామందికి గొంతు ఆగుతుంది.

మా పాప సంగతిలోనూ అదే చిక్కు వచ్చింది. పాప తల్లికి మా అమ్మ పేరుతో ఇబ్బంది లేదు, అమ్మ ఆమెకి భర్త వైపు మామ్మ. రోజంతా పాపని ఎత్తుకుని తిరిగేది వదిన. ముప్పై ఏళ్ళు అత్తయ్యా అని పిలిచిన మనిషి పేరుని ఉయ్యాల్లోని బిడ్డకి వాడమంటే వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "పేరు పెట్టండి, నేను మాత్రం పిలవలేను" అంది. అది అలక కాదు.

ఇక్కడే పాతవాళ్ళ ఏర్పాటు పనికొస్తుంది. ఆశ్వలాయన గృహ్యసూత్రం లోకంలో వాడే పేరు ఒకటి చెప్పి, ఉపనయనం దాకా తల్లిదండ్రులకి మాత్రమే తెలిసిన ఇంకో పేరు గురించి కూడా చెబుతుంది. తర్వాతి కాలంలో నామకరణానికి మాసాన్ని బట్టి ఒక పేరు, నక్షత్రాన్ని బట్టి ఒకటి, కులదైవం మీద ఒకటి, వ్యవహారానికి ఒకటి అని ఏర్పడ్డాయి. బారసాల రోజు పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో పంతులుగారు రాయించేది ఒక్క పేరే కాదు, గమనించండి. ఒక మనిషికి నాలుగు పేర్లుండడం మన దగ్గర వింత కాదు. ఆధార్ కార్డు వచ్చాకే ఒక మనిషికి ఒక్కటే పేరు అనే లెక్క మన బుర్రలో గట్టిపడింది.

నక్షత్రం తగాదా కూడా దీనితోనే తెగుతుంది. ఇరవై ఏడు నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం నూట ఎనిమిది అక్షరాలు. అశ్విని అయితే చు, చే, చో, లా. రోహిణి అయితే ఓ, వా, వి, వు. తాతగారి పేరు 'వెం'తో మొదలై మనవడు అశ్వినిలో పుడితే ఒక పక్క పెద్దాయన, ఒక పక్క పంచాంగం. మా పాప హస్త మూడో పాదంలో పుట్టింది. దానికి పంచాంగం చూపించే అక్షరం 'ణ'. 'ణ'తో మొదలయ్యే పేరు తెలుగులో ఎక్కడినుంచి తెస్తాం? ఆర్ద్ర మూడో పాదానికి 'ఙ' వస్తుంది, అది అసలు పలకడమే కష్టం. నక్షత్రం పేరు జాతకానికీ, సంకల్పానికీ పనికొచ్చేది. దాన్ని వాడుక పేరు మీద రుద్దాల్సిన పని లేదని మా పంతులుగారే చెప్పారు. చెవిలో చెప్పే పేరు వేరు, ఊరు పిలిచే పేరు వేరు అన్నారాయన. ఆ మాట విన్నాక నాకు ప్రాణం తేలికపడింది.

ఇక బతికున్నవాళ్ళ పేరా, పోయినవాళ్ళదా అన్నది. తెలుగువాళ్ళలో దీనికి ఒకటే కట్టుబాటు లేదు. మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని తన పేరుతో తానే పిలిచి మురిసిపోయే తాతలున్నారు. ఆయన బతికుండగానే ఆయన పేరు ఇంకొకరికి ఇస్తే ఆయుష్షు తరుగుతుందని భయపడే ఇళ్ళూ ఉన్నాయి. ఈ తేడా మన దగ్గరే అనుకోకండి. యూదుల్లో తూర్పు యూరప్ మూలాలున్న అష్కెనాజీలు బతికున్న బంధువు పేరు బిడ్డకి పెట్టరు, పోయినవాళ్ళదే పెడతారు. స్పెయిన్ మూలాలున్న సెఫార్దీలు బతికున్న తాత పేరు పెట్టడాన్నే గౌరవమనుకుంటారు. ఒకే మతంలో రెండు నమ్మకాలు నడుస్తున్నాయంటే దీనికి తప్పొప్పుల లెక్క లేదు. ఆ పెద్దాయన్నే కూర్చోబెట్టి, మీ పేరు పెట్టుకుంటామండీ అని అడగడం మంచిది. మొహంలో సంతోషం కనపడితే పెట్టండి. ఒక్క క్షణం తటపటాయించినా ఆగండి.

పోయినవాళ్ళ పేరు పెట్టేటప్పుడు ఇంకా లోతుగా చూడాలి. వంశం పేరు నిలవాలని పెట్టడం ఒకటి. గుండెలో దుఃఖం ఆగక పెట్టడం ఒకటి. పోయిన మనిషే తిరిగి వచ్చిందన్న నమ్మకంతో పెట్టడం మరొకటి. మూడూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. మూడోది మన నేల మీద బలంగా ఉంది. శ్రీకాకుళం, పార్వతీపురం కొండల్లోని సవరలు పోయిన పెద్దలు తమ పేరుని వంశంలో పుట్టిన బిడ్డకి ఇస్తారని నమ్ముతారు, దానికి క్రతువు చేసి మరీ పేరు పెడతారు. మన ఇళ్ళలోనూ పుట్టగానే చెవులు చూసి, గడ్డం మీద సొట్ట చూసి "మా మామ్మే" అంటాం. మేనమామ పాపని మొదటిసారి చూసి "అప్ప వచ్చేసింది" అని ఏడ్చాడు. ఆయన్ని ఎవరం వారించలేదు. కానీ తర్వాత అన్నయ్యతో ఒక మాట అన్నాను. ఆ నమ్మకం మన ఓదార్పుకి ఉండనిద్దాం, పాప మీద మోపొద్దు అని. అమ్మలా ఉండాలని, అమ్మలా వండాలని, అమ్మ చదవలేని చదువు తనే చదవాలని రేపు దానికి చెప్పడం మొదలుపెడితే పేరు కాస్తా బరువైపోతుంది.

చిన్న వయసులో పోయినవాళ్ళ పేరు మరీ సున్నితం. మాకు బాగా తెలిసిన ఒక కుటుంబంలో ఇరవై రెండేళ్ళ కొడుకు యాక్సిడెంట్‌లో పోయాడు. తర్వాత కూతురికి మగపిల్లాడు పుడితే ఆ తల్లిదండ్రులు కొడుకు పేరు పెట్టమని అడిగారు. కూతురికి తమ్ముడంటే ప్రాణం, అయినా ఆ పేరు పిలిచిన ప్రతిసారీ ఆ రాత్రే గుర్తొస్తుందని టెన్షన్ పడింది. చివరికి ఆ పేరులో సగం తీసుకుని ఇంకో పేరుకి వెనక చేర్చారు. ఇలాంటి చోట నా పక్షం ఎప్పుడూ బిడ్డని కన్న తల్లిదే. రోజుకి వందసార్లు ఆ పేరు పలకాల్సింది తను. తను వద్దంటే అది వద్దనే అర్థం. పోయినవాళ్ళ మీద ప్రేమ లేదని దానికి అర్థం తీయకూడదు.

ముస్లిం ఇళ్ళలో ఏడో రోజు అకీకా నాడు పేరు పెట్టేటప్పుడూ, క్రైస్తవుల ఇళ్ళలో బాప్తిస్మం ముందూ ఇదే చర్చ జరగడం నేను చూశాను. తాతగారి తెలుగు పేరుకి బైబిలు పేరు జోడించి రెండు తరాలనీ కలుపుకున్న ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి.

ఇప్పుడు అసలైన ఇబ్బంది. పెద్దల పేర్లు పాతగా ఉంటాయి, స్కూల్లో తోటి పిల్లలు నవ్వుతారని భయం. ముఖ్యంగా మన ఉత్తరాంధ్ర పేర్ల విషయంలో. ఈ పేర్ల మీద నాకు అభిమానం ఎక్కువ, కాబట్టి కాస్త వివరంగా చెప్పనివ్వండి.

అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ, అప్పలకొండ. వీళ్ళంతా సింహాద్రి అప్పన్న బిడ్డలు. వరహాలు, వరహాలమ్మ కూడా ఆయనవాళ్ళే, ఆ స్వామి వరాహలక్ష్మీనృసింహుడు కదా. పైడిరాజు, పైడమ్మ విజయనగరం పైడితల్లి పేరు. నూకరాజు, నూకరత్నం అనకాపల్లి నూకాలమ్మ పేరు. కనకమహాలక్ష్మి అంటే బురుజుపేట అమ్మవారు, సత్యవతి, సత్యనారాయణ అంటే అన్నవరం. ఏ పేరు విన్నా ఆ ఇంటివాళ్ళు ఏ గుడి మెట్లెక్కి ఏం మొక్కుకున్నారో తెలిసిపోతుంది. సింహాచలం అనే పేరు మగవాళ్ళకీ ఉంటుంది, ఆడవాళ్ళకీ ఉంటుంది. మా అమ్మమ్మకి పెళ్ళయిన ఎనిమిదేళ్ళకి కూడా పిల్లలు కలగలేదట. కొండ మీద కప్పస్తంభాన్ని కౌగిలించుకుని మొక్కుకుంది. సంతానం లేనివాళ్ళు ఆ స్తంభాన్ని కౌగిలించుకుంటే కలుగుతుందని ఇవాళ్టికీ నమ్మకం. తర్వాత పుట్టిన బిడ్డ అమ్మ. అందుకే ఆ పేరు. దీన్ని మోటు పేరు అని కొట్టిపారేస్తే మా అమ్మమ్మ ఎనిమిదేళ్ళ ఎదురుచూపుని కొట్టిపారేసినట్టే.

పెంటయ్య, పెంటమ్మ అనే పేర్లు విని నవ్వేవాళ్ళు ఆ కథ తెలుసుకోవాలి. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాతి బిడ్డ మీద చావు కన్ను పడకూడదని, ఇది మాకు అక్కర్లేని బిడ్డ అన్నట్టు పెంటకుప్ప పేరు పెట్టేవారు. ఎంత భయం, ఎంత ప్రేమ ఉంటే ఒక తల్లి బిడ్డకి అలాంటి పేరు పెడుతుంది? అలాంటి తాత ఉంటే ఆ పేరు మనవడికి పెట్టమని నేను అనను. ఆ భయం ఆ కాలానిది. కానీ ఆ పేరు ఎందుకు వచ్చిందో మాత్రం మనవడికి చెప్పి తీరాలి.

పాత పేరుని ఈ కాలానికి తెచ్చుకోవడంలో రకరకాల పద్ధతులున్నాయి, అన్నిటికీ ఒకే విలువ లేదు. అన్నిటికన్నా పలచనిది మొదటి అక్షరం పద్ధతి. మామ్మ పేరులో 'స' ఉంది కాబట్టి సమీక్ష అని పెట్టాం అంటారు. తెలుగు ఆడపిల్లల్లో 'స'తో మొదలయ్యే పేర్లు ఎన్ని ఉంటాయో లెక్కలేదు. ఆ సంబంధం పెట్టినవాళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలియదు, పదేళ్ళకి వాళ్ళూ మర్చిపోతారు. పేరులో ముక్క తీసుకోవడం అంతకన్నా గట్టిది. సూర్యకాంతం గారి మనవరాలు కాంతి అయితే, సత్యవతి గారి మనవరాలు సత్య అయితే వినగానే తెలుస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చేది పేరు ఎక్కడినుంచి వచ్చిందో అక్కడికే వెళ్ళి ఇంకో పేరు తెచ్చుకోవడం. అప్పలనరసయ్య గారి మనవడు నృసింహ కావచ్చు, పేరు మారినా దేవుడు మారలేదు. కనకమ్మ గారి మనవరాలు హిరణ్య కావచ్చు, రెండూ బంగారమే.

రెండు వైపుల పెద్దల్నీ సంతోషపెట్టాలని అందర్నీ ఒకే పేరులో కూర్చే పద్ధతి కూడా మనకి పాతదే. మన పేర్ల ముందు వరసగా ఇనీషియల్స్ ఉండేది అందుకే. వి.వి.ఎస్. లక్ష్మణ్ అంటే వంగీపురపు వెంకట సాయి లక్ష్మణ్. ఇంటిపేరు, ఇలవేల్పు, పెద్దల పేరు ఇలా ఒక్కో అక్షరంలో దాక్కుంటాయి. వినడానికి నిండుగా ఉంటుంది గాని ఇవాళ ఫారాల దగ్గర ఇది ఇబ్బంది. ఒక కార్డులో ఇనీషియల్స్, ఇంకో కార్డులో పూర్తి పేరు, పాస్‌పోర్టులో ఇంటిపేరు వెనక్కి. మూడూ కలవక తిరిగేవాళ్ళని చూస్తూనే ఉన్నాం. అమెరికాలో పుట్టే మనవలకైతే మామూలుగా ఆసుపత్రి వదలకముందే పేరు ఫారం నింపేస్తారు, బారసాల దాకా ఆగడానికి ఉండదు. అక్కడ మధ్యలో ఇంకో పేరుకి చోటు ఉంటుంది, తాతగారిని అందులో కూర్చోబెట్టడం తేలిక.

మన దగ్గర అంత తొందర లేదు, ఇది చాలామందికి తెలియదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టుకని ఇరవై ఒక్క రోజుల్లో తెలియజేయాలి. ఆసుపత్రిలో కాన్పయితే ఆ పని ఆసుపత్రివాళ్ళే చేస్తారు. మన బారసాల కూడా ఇరవై ఒకటో రోజే కావడం చూసి చాలామంది ఆలోపు పేరు కూడా తేలిపోవాలని కంగారుపడతారు. అవసరం లేదు. పేరు లేకుండానే పుట్టుక నమోదవుతుంది. పన్నెండు నెలల లోపు పేరు ఇస్తే రుసుము లేకుండా చేరుస్తారు. ఆ తర్వాత కూడా పదిహేనేళ్ళ వరకు ఆలస్య రుసుముతో చేర్చుకోవచ్చు. ఈ పని మన ఊళ్ళో అయితే విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో. కష్టమంతా ఒకసారి ఎక్కిన పేరుని మార్చడంలో ఉంది. అక్షరదోషాలు దిద్దించుకోవచ్చు గాని, మనసు మారిందని పేరు మార్చడం అంత సులువు కాదు. పైగా 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో, ఆ తేదీ నుంచి పుట్టినవాళ్ళకి స్కూలు అడ్మిషన్, డ్రైవింగ్ లైసెన్స్, ఓటరు జాబితా, ఆధార్ వంటి వాటికి పుట్టిన తేదీకీ, చోటుకీ ఆధారం జనన ధ్రువపత్రమే. అందులో ఉన్న పేరే ఇక జీవితమంతా. ఇంగ్లీషులో స్పెల్లింగ్ కూడా ఒక కాగితం మీద రాసుకుని, ఇంట్లో నలుగురూ చూశాక ఇవ్వండి. అమ్మ ఆధార్ కార్డు తిప్పలు పడినవాళ్ళం కాబట్టి చెబుతున్నాను.

అందుకని పేరు తేలకపోతే ఆగండి. పోయినవారి సంవత్సరీకం దాటే దాకా కాగితం మీద పేరు ఎక్కించకుండా ఆగిన ఒక ఇల్లు నాకు తెలుసు. అప్పటిదాకా ఆ బాబుని అందరూ చిన్నా అనే పిలిచారు. తొందరపడి పెట్టిన పేరు కన్నా ఆగి పెట్టిన ఆ పేరే వాళ్ళకి నెమ్మదినిచ్చింది.

మా ఇంటికి వస్తే, దారి చూపించింది పాప తల్లే. పాపకి పాలిస్తూ, "అత్తయ్యగారూ, సింహాచలం అంటే మీకు మొదట గుర్తొచ్చేదేంటి" అని వదినని అడిగింది. వదిన తడుముకోకుండా "చందనం" అంది. అక్షయ తృతీయకి ఒక్క రోజు నిజరూపం చూపించి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు కదా అప్పన్న. ప్రతి ఏడూ చందనోత్సవానికి అమ్మ క్యూలో నిలబడేది, తిరిగి వచ్చి కాస్త చందనం మా అందరి నుదుటికీ అద్దేది. ఆ మాటతో అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. చందన. మూడక్షరాలు. ఆడపిల్ల పేరుకి బేసి అక్షరాలుండాలన్న పాత సూత్రం కూడా కలిసొచ్చిందని పంతులుగారు సంతోషించారు. జనన ధ్రువపత్రానికి ఆ పేరు. పాప అమ్మమ్మగారి తల్లి పేరు లక్ష్మి, అదీ దాని పక్కన చేరింది. చందన లక్ష్మి. కొండ మీద స్వామి పక్కన అమ్మవారు ఉండనే ఉంది కాబట్టి అది అతికించినట్టు అనిపించలేదు. ఆవిడ అలక ఆ పూటతో తీరింది. వదిన మాత్రం ఏ పేరూ వాడదు. పాపని ఎత్తుకుని "చిన్నత్తా" అంటుంది.

బారసాల నాడు పళ్ళెంలో బియ్యం సర్ది, మేనల్లుడు ఉంగరంతో చందన లక్ష్మి అని రాశాడు. పంతులుగారు బియ్యం మళ్ళీ సమంగా చేసి, ఇప్పుడు లోపలి పేరు అన్నారు. మేనల్లుడు సింహాచలం అని రాశాడు. సున్న దగ్గర ఉంగరం కాస్త జారి బియ్యపు గింజలు రెండు నేల మీద పడ్డాయి. మేనమామ వాటిని ఏరి పళ్ళెంలో వేశాడు. చెవిలో పేరు పెద్దవాళ్ళెవరైనా చెప్పండి, మూడుసార్లు, అన్నారు పంతులుగారు. అందరూ అన్నయ్య వంక చూశారు.

అన్నయ్యకి యాభై ఎనిమిదేళ్ళు. కన్నతల్లి పేరు ఏ కాగితం మీదైనా రాసి ఉంటాడేమో గాని నోటితో పలికి ఉండడు. ఉయ్యాల మీదికి వంగి, తమలపాకు అడ్డం పెట్టి, మొదటిసారి పెదాలు కదిపాడు గాని మాట బయటికి రాలేదు. పంతులుగారు తొందరపెట్టలేదు. రెండోసారి వినపడింది, సింహాచలం అని. పాప నిద్రలో చెయ్యి కదిపింది. ఆ తర్వాత అన్నయ్య మూడుసార్లతో ఆపలేదు.